పదికి ఏడు మొలవాలి

పోయిన వారం ఫోనులో ఏదో ఫారం నింపుతుంటే "మీరు ఏ భాషలో చదవాలనుకుంటున్నారు?" అని ఒక గడి వచ్చింది. పైన ఇంగ్లీషు, దాని కింద తమిళం, అన్నిటికీ అడుగున తెలుగు. నా వేలు అక్కడే ఆగిపోయింది. ఆగడమే కాదు, ఒళ్ళు మండింది. పోయి ఆరేళ్ళయిన మనిషి మీద ఇప్పుడు కోపం తెచ్చుకోవడం ఏం న్యాయమో నాకు తెలియదు గానీ, ఆమె మీద కోపానికి నాకు ఎప్పుడూ వేళాపాళా లేదు.

ఆమె మా నాన్నకు అక్క, నాకు అత్త. పుదుచ్చేరిలో మురుంగపాక్కంలో అత్తగారింట్లోనే, మరిది కుటుంబంతో ఉండేది. మామ నా చిన్నప్పుడే పోయాడు. అత్త పొట్టి మనిషి. కళ్ళద్దాలకు నల్లదారం కట్టి మెడలో వేసుకునేది. చేతిలో ఆకుపచ్చ వైరు బుట్ట, అందులో టిఫిను డబ్బా, గొడుగు, ఎప్పుడు చూసినా ఒక తడిగుడ్డ మూట. ఆ మూటలో విత్తనాలుంటాయి. పదంటే పదే గింజలు. బీర గానీ బెండ గానీ, విత్తే ముందు పది గింజలు తడిగుడ్డలో కట్టి మూడు రోజులు చూడాలి. ఏడు మొలిస్తే విత్తచ్చు. ఆరు మొలిస్తే ఆ విత్తనం కోళ్ళకి. ఇది వాళ్ళ నాయన, అంటే మా తాత పెట్టిన చట్టం. ఆయన పోయినా చట్టం పోలేదు. బస్సులో పక్కన కూర్చున్న వాళ్ళ చీర తడిసినా సరే, మూట మాత్రం బుట్టలో ఉండాల్సిందే.

గోరిమేడు దగ్గర ఒక ప్రైవేటు ఆస్పత్రిలో రికార్డు గది ఆమెది. పంతొమ్మిదేళ్ళ కాగితాలు అటకల మీద ఉండేవి. రోగి పేరు చెప్పనక్కర్లేదు, ఏ ఊరు, ఏం జబ్బు అని చెబితే చాలు, నిచ్చెన ఎక్కి ఫైలు తీసుకొచ్చేది. ఇంతలో యాజమాన్యం వాళ్ళు ఆ గది అంతా కంప్యూటర్లోకి మారుస్తామన్నారు. ఏడాదిలోగా ఏదైనా యూనివర్సిటీ నుంచి రికార్డుల పని మీద సర్టిఫికెట్టు తెచ్చుకున్నవాళ్ళకే కంప్యూటరు ముందు కుర్చీ, తేలేనివాళ్ళు దుప్పట్ల గదికి పోవాలి అన్నారు. ఉద్యోగానికి వెళ్తూనే ఇంటర్నెట్టులో చదువుకోవచ్చని, అలాంటి కోర్సులు బోలెడున్నాయని కూడా వాళ్ళే చెప్పారు. ఆ బోలెడు అన్న మాటే నా కొంప ముంచింది.

రెండు వేల ఐదు, ఆరు ఆ ప్రాంతం. కోసపాళయంలో నేను ఆరు కంప్యూటర్లతో బ్రౌజింగ్ సెంటరు నడిపేదాన్ని. గోరిమేడు నుంచి మురుంగపాక్కం పోయే దారిలోనే మా కొట్టు. ఒక సాయంకాలం అత్త బస్సు దిగి వచ్చి, అందరూ చెప్పులతో నడిచే గదిలో చెప్పులు బయట విడిచి, తిరిగే కుర్చీలో రెండు కాళ్ళూ మడిచి పెట్టుకుని కూర్చుంది. పైట చెంగుతో తెర తుడిచింది. తర్వాత నా వైపు తిరిగి చెప్పింది.

"ఆ కుర్చీలో పంతొమ్మిదేండ్లు కూసున్నాను పాపా. దుప్పట్లు లెక్కేసేదానికి నేను పోను. మంచి కోర్సు ఒకటి చూడు."

పది నిమిషాల పని అనుకున్నాను. వెతికాను, నాలుగు వచ్చాయి, మొదటిది బాగానే ఉంది, ఇదే చేరు అత్తా అన్నాను. మౌసు అనేది ఒకటుందని ఎన్నిసార్లు చెప్పినా ఆమె తెరనే ముట్టుకునేది. అలాగే తెర మీద వేలు పెట్టి, ఆ యూనివర్సిటీ యాడుంది అని అడిగింది. చెప్పాను. ఆ ఊరి నీళ్ళు ఎట్టుంటాయి అంది. ఇంటర్నెట్టులో చదివేదానికి నీళ్ళతో ఏం పని అని నేను విసుక్కున్నాను. వైస్ ఛాన్సలరు ఫోటో పెద్దది చేయమంది. చేశాను. చాలాసేపు చూసి, ఈయన మార్కులు వేసే మొహం కాదు, ఇంకోటి చూడు అంది. అప్పుడే నాకు అర్థం కావాల్సింది. వేలెడు పనికి ఊరంతా తిరిగే మనిషి అని మా నాన్న ఊరికే అనలేదు.

తర్వాత మొదలైంది అసలు బాధ. ప్రతి కోర్సుకీ మొదటి పాఠం ఉచితంగా చూడచ్చు అని ఎక్కడో చదివించుకుంది. ఆ క్షణం నుంచి ఆమెకు అది పాఠం కాదు, విత్తనం. మొదటి పాఠం పది కాపీలు ప్రింటు తీయించేది. మురుంగపాక్కంలో మా వాళ్ళు పదిమందికి పంచేది. మరిది, తోడికోడలు, పక్కింట్లో మురుకులు చేసే ఆమె, టైలరు, ఇలా ఎప్పుడూ అదే పదిమంది. ఒకటే నేలలో చూస్తే గానీ ఏ విత్తనం మంచిదో తెలియదట. మూడు రోజులాగి ఒక్కొక్కరి గడప దగ్గర నిలబడి, ఆ కాగితంలో ఏముంది చెప్పు అని అడిగేది. చెప్పినవాళ్ళు మొలిచినట్టు. తల గోక్కున్నవాళ్ళు మొలవనట్టు. పదకొండోదాన్ని నన్ను కూడా అడగచ్చు కదా అంటే, విత్తనం అమ్మేవాళ్ళని లెక్కలో వెయ్యరు అంది.

ఆ పదిమంది పడ్డ కష్టం నాకు తెలుసు, ఎందుకంటే వాళ్ళంతా వచ్చి తిట్టింది నన్నే. ఆమె మరిది ఒకరోజు పనిగట్టుకుని కొట్టుకు వచ్చి, అమ్మా నీకు దండం పెడతా, వదినకి ఏదో ఒక కోర్సు కట్టబెట్టు, రాత్రి అన్నం ముందర కూసుంటే రోగి వివరాల నమోదుకి ఎన్ని మెట్లు అని అడగతా ఉంది అని మొరపెట్టుకున్నాడు. నేను మాత్రం ఏం చేయగలను? ఇంగ్లీషు కోర్సు ఒకటి పదికి రెండు. ఇంకొకటి మూడు. బొమ్మలున్నది నాలుగు. మూడు నెలలు గడిచాయి. నా ప్రింటరు రెండుసార్లు మొరాయించింది. కంప్యూటరు కోసం కుర్రాళ్ళు బయట నిలబడి ఉంటే, ఈమె కుర్చీలో బాసింపట్టు వేసుకుని బుట్టలోంచి బీర గింజలు తీసి వేలితో నొక్కి చూసుకునేది.

చివరికి తమిళంలో చక్కటి కోర్సు ఒకటి దొరికింది. మేమంతా బడిలో తమిళమే చదివాం. పాఠం సులువుగా ఉంది. ఆరు మొలిచాయి. నేను ఎగిరి గంతేశాను. చేరదాం పద అన్నాను. ఆమె కదల్లేదు. ఆరు అంది. ఆరంటే సగం కంటే ఎక్కువ అత్తా, పరీక్షలో అయితే ఫస్టు క్లాసు, నీకేం తక్కువైంది అని నేను గొంతు పెంచాను. ఆమె నా మొహంలోకి చూసి, "ఆరుకి మా నాయన ఏ పొద్దూ విత్తలే" అని, చెప్పులేసుకుని బస్సెక్కి పోయింది. ఆ రోజు నేను బల్ల మీద కొట్టిన దెబ్బకు నా చేయే నొప్పెట్టింది.

ఇక నాలుగు రోజుల్లో కోర్సుల్లో చేరే గడువు అయిపోతుందనగా ఇంకో యూనివర్సిటీ కనబడింది. దాంట్లో భాషల వరసలో తెలుగు ఉంది. మొదటి పాఠాన్ని ఎవరో చదివి రికార్డు చేసి పెట్టారు. ఆ రోజుల్లో మా కనెక్షనుకి అది దిగేసరికి పొద్దున మొదలెడితే మధ్యాహ్నం అయింది. సాయంత్రం పదిమందినీ బస్సెక్కించి కోసపాళయం తీసుకొచ్చింది. ఆరు కుర్చీల్లో పదిమంది సర్దుకుని కూర్చున్నారు. డబ్బిచ్చి కూర్చున్న కుర్రాళ్ళు లేచి పోయారు. స్పీకర్లోంచి ఒకావిడ గొంతు వచ్చింది. ఆస్పత్రికి ఒక మనిషి వస్తే మొదట ఏం అడగాలి, ఏం రాసుకోవాలి, ఆ రాసింది ఎక్కడ పెట్టాలి. ఆవిడ తెలుగు మా తెలుగులాగ లేదు, నున్నగా ఉంది. అయినా తెలుగే. మురుకులామె మధ్యలో తల ఊపుతూ ఊఁ కొట్టింది, కథ విన్నట్టు.

మూడు రోజులాగి అడిగితే పదికి పది. చెవుడున్న పెద్దాయన కూడా అప్పజెప్పాడు. అత్త కొట్టుకు వచ్చి కూర్చుంది. మా నాయన కూడా పదికి పది చూళ్ళేదు పాపా అంది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మర్నాడే ఆఖరి తేదీ.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఫారం నింపుతూ నేను మిగిలిన పాఠాల పట్టీ తెరిచాను. మొదటి పాఠం పక్కన స్పీకరు బొమ్మ ఉంది. మిగిలిన పదకొండు పాఠాల పక్కన ఏమీ లేదు. అన్నీ రాత. గుండ్రటి అక్షరాలు, కింద ఒత్తులు, పేజీల తరబడి. మా ఇళ్ళల్లో తెలుగు నోట్లోనే ఉంటుంది. ఎన్ని వందల ఏళ్ళ కిందట ఈ తమిళ నేలకు వచ్చామో లెక్క లేదు. మా పెళ్ళిపత్రికలు కూడా తమిళంలోనే అచ్చవుతాయి. ఆ అక్షరాలు చదవగలిగినవాళ్ళు మా బంధువుల్లో ఒక్కరు లేరు. నేను చూశాను, నాకు తెలుసు. నోరు మెదపలేదు. చెబితే మళ్ళీ మొదటికి వస్తుంది, మళ్ళీ పది కాపీలు, మళ్ళీ మూడు రోజులు. నాకు తల ప్రాణం తోకకు వచ్చి ఉంది. ఎలాగో ఒకలాగ ఇది నా నెత్తిమీంచి దిగితే చాలనుకున్నాను. బటను నొక్కాను.

పుస్తకాల పార్సెలు మా కొట్టుకే వచ్చింది. ఆమె కట్టు విప్పి, మొదటి పుస్తకం తెరిచి, ఒక పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది. నేను ప్రింటరు లోపల ఏదో వెతుకుతున్నట్టు నటించాను. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆమె పుస్తకం మూసి, సరి అంది. అంతే. నేనే యూనివర్సిటీకి ఫోను చేశాను. చేరాక భాష మార్చడం కుదరదన్నారు. పరీక్షకి ఆరు నెలలుంది.

యానాం కూడా మా పుదుచ్చేరి కిందిదే గానీ అది ఎక్కడో తెలుగుదేశంలో ఉంటుంది, అక్కడ బడుల్లో తెలుగు చెబుతారు. అక్కణ్ణించి బదిలీ మీద వచ్చిన టీచరమ్మ ఒకావిడ గోరిమేడులో అద్దెకుండేది. ఆవిడ కొడుకు ఫైలు ఎప్పుడో మా అత్తే వెతికి పెట్టిందట. ఊరు యానాం, జబ్బు ఉబ్బసం, అని చెప్పి నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి పోయింది. నాకెందుకు అన్నాను. నువ్వు చిన్నదానివి, నీకు తొందరగా పడతాది, నువ్వు చదివి చెప్తే నేను ఇంటాను అంది. కాదనే మొహం నాకు లేదు. ఆ సంగతి ఆమెకు తెలియదనుకున్నాను.

ఆదివారాలన్నీ అలా పోయాయి. ఇరవయ్యారేళ్ళ నేనూ నలభై ఏడేళ్ళ అత్తా చాప మీద కూర్చుని అ ఆ ఇ ఈ దిద్దాం. నా ఈడు వాళ్ళు ఆదివారం బీచి రోడ్డులో తిరుగుతుంటే నేను దీర్ఘాలు పెట్టుకుంటున్నాను. మేము యాడ, ఏంది, ఉండాది అన్నప్పుడల్లా టీచరమ్మ నవ్వు ఆపుకునేది, ఒక్కోసారి ఆపుకునేది కాదు. అక్షరాలు నాకు రెండు నెలల్లో వచ్చాయి. అత్తకు ఒత్తులు లొంగలేదు. బస్సులో, రికార్డు గదిలో, విత్తనాల పొట్లాల మీద, ఎక్కడ పడితే అక్కడ రాసి చూసుకునేది.

అక్షరాలు వస్తే అయిపోయిందనుకున్నాం. ఇల్లు అలకగానే పండగ కాదు. ఆ పుస్తకాల్లో తెలుగు టీచరమ్మకే అక్కడక్కడ తెలియలేదు. అభిలేఖ అని ఉంది. నేను కూడబలుక్కుని చదివాను. అంటే ఏంది అంది అత్త. చివర ఇచ్చిన పట్టీలో చూస్తే రికార్డు అని ఉంది. వర్గీకరణ, సూచీకరణ, భద్రపరచుట. ఒక్కొక్కటీ విప్పి చూస్తే లోపల ఉన్నది ఆమె నిచ్చెనెక్కి దిగి చేసే పనే. ఇన్నేండ్లు నేను చేస్తా ఉండే పనికి ఇంత పెద్ద పేర్లుండాయా అని మురిసిపోయేది. నాకు మాత్రం, ఆమెకు ముందే వచ్చిన పనిని నేను ఆమెకు రాని భాషలో చదివి మళ్ళీ ఆమెకే చెబుతున్నాను గదా అని పళ్ళు నూరుకోవాలనిపించేది. ముక్కు ఎక్కడుందంటే తల చుట్టూ తిప్పి చూపించడం అంటే ఇదే.

పరీక్ష కంప్యూటరు మీద. యాభై ప్రశ్నలు, రెండు గంటలు, ముప్పై సరిగ్గా రావాలి. పక్కన కూర్చుని చదివి పెట్టడానికి నన్ను రానివ్వరు. ఆమె ఒక్కొక్క మాటా పెదాలతో పలుక్కుంటూ చదివింది. గంట కొట్టేసరికి ముప్పై ఒకటో ప్రశ్న దగ్గర ఉంది. చదివినవాటిల్లో ఇరవై ఎనిమిది సరైనవి. రెండు తక్కువ. చదవలేకపోయిన పంతొమ్మిదీ నేను అడిగితే నిద్రలో కూడా చెప్పేది.

కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. ఆమె దుప్పట్ల గదికి పోయింది. ఆరు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష రాసింది, నేను వద్దన్నా వినలేదు. ఈసారి నలభై నాలుగు. సర్టిఫికెట్టు తీసుకుపోయి చూపిస్తే యాజమాన్యం వాళ్ళు చాలా సంతోషం అన్నారట. కుర్చీ మాట ఎత్తలేదట. ఆ సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి దుప్పట్ల గదిలోనే మేకుకు తగిలించింది. ఆస్పత్రి మొత్తంలో దాన్ని చదవగలిగే మనిషి లేడు. అరల మీద కూడా తెలుగులోనే రాసి అంటించింది. రెండో అంతస్తు, ఆపరేషను, పిల్లలది. ఆమె సెలవు పెట్టిన రోజు ఆ గదిలో ఏది ఎక్కడుందో ఎవరికీ దొరికేది కాదు. నర్సులు నాకు ఫోను చేసేవాళ్ళు, అరల మీది రాత ఫోనులో వర్ణించి ఇదేమిటో చెప్పమని. కింద తోక ఉంది, పైన కొమ్ము ఉంది. అదొక బాధ.

ఆ తప్పు నన్ను తింటూనే ఉంది. రెండేళ్ళు మోశాను. ఒకరోజు మధ్యాహ్నం వేరే పని మీద గోరిమేడు పోయి, దుప్పట్ల గదిలోకి వెళ్ళాను. ఆమె ఒక్కతే దుప్పట్లు మడతపెడుతోంది. నిలబడే చెప్పేశాను.

"అత్తా, ఆ పొద్దు ఫారం నింపేటప్పుడు మిగతా పాఠాలన్నీ రాతలో ఉండేది నేను చూసినా. నీకు చెప్పలే."

ఆమె మడత ఆపలేదు. "నేనూ చూసినా గదా."

"చూసినావా?"

"తెర నా ముందరే గదా ఉండింది."

రెండేళ్ళు నేను కడుపులో పెట్టుకుని కుమిలింది దేనికోసం మరి? చూసి కూడా నన్నెందుకు నొక్కనిచ్చావు, తమిళంలో ఆరొచ్చిన కోర్సులో చేరి ఉంటే ఒక్క వారంలో చదివేసి పాసయ్యేదానివి గదా అని అరిచినంత పని చేశాను. ఆమె దుప్పటి గుండెకు ఆనించి పట్టుకుని, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"పదికి పది మొలిచినాక, నేల మెత్తగా లేదని విత్తకుండా ఉంటారా ఎవురన్నా? నేలని మనం గదా దున్నుకోవాల."

"కుర్చీ పోయింది గదా అత్తా."

"పోయింది." దుప్పటి దులిపి, "రెండు నెలలు ఏడిచినా. నీ ముందర ఏడవలే. సరి, ఆ కొస పట్టుకో" అంది.

కొస పట్టుకున్నాను. ఇద్దరం కలిసి ఆ గదిలో ఉన్న దుప్పట్లన్నీ మడత పెట్టాం. ఇలాంటి మనిషిని ఏం చేయాలి చెప్పండి. తిట్టడానికి లేదు, జాలి పడనివ్వదు. ఆమె అంటే నాకెంత ప్రేమో ఆ రోజే తెలిసింది. ఆ ప్రేమ కూడా నాకు కోపంలాగే వచ్చింది.

ఆమె పోయాక మురుంగపాక్కం ఇంట్లో అటక మీంచి విత్తనాల డబ్బా దించారు. పొట్లాల మీద ఏం రాసుందో తెలియక నన్ను పిలిపించారు. బెండ, పదికి ఎనిమిది. పొట్ల, పదికి ఏడు. ఒత్తులు చివరిదాకా వంకరే. చదివి చెబుతుంటే వరసగా అందరూ చేతులు చాపారు, ఎవరికి కావాల్సింది వాళ్ళు తీసుకున్నారు. నేనేమీ తీసుకోలేదు. మా మేడ మీద మట్టి లేదు.

పోయిన వారం ఆ ఫారంలో అడుగున ఉన్న గడినే నొక్కాను. ఆ కోపంలోనే కూర్చుని ఇదంతా రాశాను. అక్షరాలు యానాం టీచరమ్మవి, అవి నేర్చుకోవాల్సిన ఖర్మ మా అత్త పుణ్యం. రాశాక మురుంగపాక్కం పోయాను. ఇది చదవగలిగేవాళ్ళు అక్కడ ఇప్పటికీ ఎవరూ లేరు కాబట్టి, ఆ పదిమందినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు లేరు, వాళ్ళ కోడళ్ళను కూర్చోబెట్టాను. మూడు రోజులాగి మళ్ళీ బస్సెక్కి పోయి, ఒక్కొక్కరి గడప దగ్గర నిలబడి, ఏముందో చెప్పమన్నాను.

ఆరు.

ఆరంటే ఆమె కోళ్ళకు వేసేది. నేను ఆ పొద్దూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను అత్తా, ఆరు చాలు. విత్తుతున్నాను.